పేదల కోసం పాట కచేరీ: నర్సీపట్నంలో ఎలా చేయాలి?

2025 ఫిబ్రవరి 15న విజయవాడలో ఎన్టీఆర్ ట్రస్టు తరఫున సంగీత దర్శకుడు తమన్ పాట కచేరీ జరిగింది. వచ్చే డబ్బు దేనికో జనానికి ముందే తెలుసు: తలసీమియా బాధితులకు. మన ఊళ్లో అలాంటిది చేయడానికి తమన్ రానక్కర్లేదు గానీ, ఆ ఒక్క కిటుకు మాత్రం పట్టుకోవాలి.

1. పనికి పేరు పెట్టండి. ‘పేదరిక నిర్మూలన కోసం’ అని బ్యానర్ కడితే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. ‘చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి ఏరియా ఆసుపత్రికొచ్చే రోగుల వెంట ఉండేవాళ్లకు రెండు పూటలా భోజనం’ అనండి. ఎందరికి, ఎన్నాళ్లు, ఎంత ఖర్చు? లెక్కగట్టి ఆ అంకె కరపత్రం మీద వేయండి.

2. తేదీ. అక్టోబరు, నవంబరు వద్దు, తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే. సంక్రాంతి మూడు రోజులూ సౌండ్ సిస్టమ్ వాళ్లు దొరకరు. పండగ వెళ్లాక వచ్చే శనివారం నయం.

3. అనుమతులు. మైదానం కాలేజీదైతే ప్రిన్సిపాల్‌కు, మునిసిపాలిటీదైతే కమిషనర్‌కు అర్జీ పెట్టండి. మైకుకు పోలీసుల అనుమతి, కరెంటుకు ఈపీడీసీఎల్ తాత్కాలిక కనెక్షన్ కావాలి. సినిమా పాటలు పాడిస్తే, పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ లైసెన్సు సంగతీ చూసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక మైకు మోగకూడదు. అందుకని ఆరింటికే మొదలుపెట్టండి.

4. కళాకారులు. ఆర్కెస్ట్రాతో పాటు ఏజెన్సీ నుంచి ఒక థింసా బృందాన్ని, వీలైతే తప్పెటగుళ్ల వాళ్లనూ పిలవండి. దారి ఖర్చులు, భోజనం, పారితోషికం ముందే మాట్లాడుకోండి. ‘సేవే కదా, ఊరికే ఆడండి’ అని పేద కళాకారుల్ని అడగడం పేదల పేరు చెప్పి చేసే కచేరీకి పరువు తక్కువ.

5. సన్మానం. కచేరీ మధ్యలో సన్మానం పెడితే అసలు చిక్కంతా ఇక్కడే. కౌన్సిలర్‌కు వేదిక మీద కుర్చీ వేస్తే దాత అలుగుతాడా, వేయకపోతే ఆయనే అలుగుతాడా అన్న లెక్కల్లోనే సాయంత్రం గడిచిపోతుంది. పెద్దలందరికీ కింద ముందు వరసలో వేయండి. వేదిక సన్మానం అందుకునేవాళ్లకే. వాళ్లెవరంటారా? కొండ ఎక్కి టీకాలు వేయించే ఆశా కార్యకర్త, తెల్లారకముందే అబీద్ సెంటర్ ఊడ్చే కార్మికురాలు, గర్భిణిని డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చిన కుర్రాళ్లు. నలుగురైదుగురు చాలు. ఎవరిని పిలవాలో వాళ్ల వీధివాళ్లనీ ఊరివాళ్లనీ అడిగి తేల్చండి. పిలిచేటప్పుడు ‘నిస్వార్థ సేవామూర్తి’ లాంటి బిరుదులు మానేసి, వాళ్లు చేసిన పని ఒక్కటి చెప్పండి. చప్పట్లు అవే వస్తాయి. ఆ రోజు కూలి పోయేవాళ్లుంటే అది కట్టివ్వండి.

శాలువా, ప్లాస్టిక్ జ్ఞాపిక బీరువా మీద దుమ్ము పట్టడానికే. వాటి బదులు ఏటికొప్పాక లక్కబొమ్మ ఇవ్వండి. మన బలిఘట్టం దగ్గర పారే వరాహ నది ఒడ్డునే ఆ ఊరు. అంకుడు కర్రతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇంకో మాట: సాయం పొందేవాళ్లను మాత్రం వేదిక ఎక్కించకండి. చెక్కు చేతికిస్తూ ఫొటో దిగే సరదా మానుకోవాల్సిందే.

6. డబ్బు. క్యూఆర్ కోడ్ కమిటీ ఖాతాది కావాలి, కోశాధికారి సొంత ఫోనుది కాదు. పన్ను మినహాయింపు కావాలనే దాతలుంటే, ఆ అనుమతి ఉన్న ట్రస్టు ద్వారా తీసుకోండి, నగదు రూ.2,000 దాటితే మినహాయింపు రాదు. 1977 దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ అంతటివాళ్లే జనంలోకి వచ్చి చందాలడిగారు. విరామంలో హుండీ తిప్పడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

7. లెక్క. వారం తిరక్కముందే జమా ఖర్చులు ఫ్లెక్సీ మీద అచ్చేసి సెంటర్లో కట్టండి. కచేరీకి పిలిచిన ఫ్లెక్సీ ఎంత పెద్దదో, లెక్కల ఫ్లెక్సీ కూడా అంతే ఉండాలి.