మేనేజర్ కేకలు, ముదలాళి మౌనం: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: అగ్గిపెట్టెల కార్ఖానాలో 14 ఏళ్లుగా సూపర్‌వైజర్‌ని. కొత్త మేనేజర్ పొద్దున ఒకటి చెప్తాడు, సాయంత్రం ఇంకొకటి. పొరపాటు జరిగితే ఆడవాళ్లను అందరి ముందూ తిడతాడు. ఆరుగురు మానేశారు. ముదలాళితో (యజమానితో) అంటే, "పెట్టెలు బాగానే వస్తున్నాయి కదమ్మా" అంటారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, కోవిల్‌పట్టి

జవాబు: అమ్మా, ముదలాళికి కనిపించేది పెట్టెల లెక్క. ఆయనకు కనిపించని లెక్క మీ దగ్గరుంది. "సార్ మంచివాడు కాదు" అన్నారో, అది మీ ఇద్దరి గొడవ అయిపోతుంది. ఒక నెలపాటు నోటుబుక్కులో రాయండి: ఏ తేదీన ఏం చెప్పాడు, ఎప్పుడు మార్చాడు, ఎంత సరుకు పాడైంది, ఎవరు మానేశారు. కార్తీక వానల్లో మందు సరిగా ఆరకముందే పుల్లలు నింపమన్న రోజుంటే తప్పకుండా రాయండి. తొందరపెడితే పుల్ల ఆరదు.

నాకు అన్నిటికన్నా దిగులు కలిగించేది ఆ తిట్లు పుట్టించే భయమే. తిట్లకు జడిసిన మనిషి చిన్న తప్పును దాచేస్తుంది. పుల్ల తలకు పూసే మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, రాపిడికే అంటుకుంటుంది. అక్కడ తప్పు జరిగిన వెంటనే "సార్, ఇలా అయింది" అని చెప్పగలగాలి. ముదలాళికి ముందుగా చెప్పాల్సింది ఇదే.

మేనేజర్ మీదా ఒత్తిడి ఉండొచ్చు. రూపాయి పెట్టె రెండు రూపాయలు కావడానికి 14 ఏళ్లు పట్టింది, 2021 డిసెంబరులో గానీ పెరగలేదు. చవక లైటర్లు వ్యాపారాన్ని కొట్టాయి. 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం ఆపింది 2023 జూన్‌లో. అయినా ఆ ఒత్తిడిని కూలికొచ్చిన ఆడమనిషి మీద దించే హక్కు ఆయనకు లేదు.

ముదలాళి దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, పాత పనివాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకోండి. రెండే అడగండి: రోజు పని పొద్దునే బోర్డు మీద రాయాలి, మందలింపు గదిలో జరగాలి. 20 మందికి తగ్గకుండా పనిచేసే చోట, యాజమాన్యం, కార్మికులు సమానంగా ఉండే ఫిర్యాదుల కమిటీ ఉండాలని చట్టం. ఆ తిట్లలో లైంగికమైన మాటలుంటే దారి వేరు: 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: పప్పుల వ్యాపార సంస్థలో మేనేజర్‌ని, వయసు 29. ఎదుట "సరే సార్" అంటారు, చాటున సణుగుతారు. ఎదురు మాట్లాడిన ఒకరిని గోదాముకు మార్చాను. తప్పు చేశానా?
– విరుదునగర్ పాఠకుడు

జవాబు: చేశారు బాబూ. అడిగారంటే దిద్దుకునే మనసుంది, సంతోషం. మీ ఊళ్లో పుట్టిన కామరాజ్ 1954లో ముఖ్యమంత్రి అయినప్పుడు, నాయకత్వానికి తన మీద పోటీ చేసిన సి. సుబ్రహ్మణ్యాన్నే మంత్రివర్గంలోకి తీసుకున్నారు. మీరు గోదాముకు పంపింది ఒక్కరినే. నోరు మూసుకున్నది మాత్రం ఆఫీసంతా. ఆయన్ను వెనక్కి పిలిచి, అందరి ముందూ ఆ రోజు ఏం చెప్పబోయారో అడగండి. మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి.