మెంతులూ నడకా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దర్జీ ఉన్నాడు. వయసు 52 ఏళ్లు. పొద్దున మిషను ముందు కూర్చుంటే రాత్రికి లేస్తాడు. ఒకప్పుడు కాళ్లతో తొక్కే మిషను ఉండేది. ఇప్పుడు కరెంటు మిషను వచ్చింది. కాళ్లకు ఆ పని కూడా లేకుండా పోయింది.

బస్తీ దవాఖానాలో రక్తం పరీక్ష చేశారు. కొలెస్ట్రాల్ 262 వచ్చింది. అది 200 లోపు ఉండాలి. డాక్టరు గోలీలు ఇచ్చారు. రెండు నెలలు వేసుకున్నాడు. తర్వాత బజార్లో గుగ్గులు గోలీలు కొన్నాడు. డాక్టరు ఇచ్చినవి మానేశాడు. ఈ సంగతి భార్యకు తెలిసింది. ఆయనను వెంటబెట్టుకొని దవాఖానాకు వచ్చింది.

"ఇంగ్లీషు మందు వేడి చేస్తది సిస్టరమ్మా. ఇవి చెట్టు మందులు. ఏం చెయ్యవు" అన్నాడు దర్జీ.

"ఏం చెయ్యకపోతే రోగం ఎట్ల తగ్గుతదన్నా?" అంది నర్సు.

దర్జీ భార్యకు నవ్వొచ్చింది.

కొలెస్ట్రాల్ అంటే మైనంలాంటి కొవ్వు. మన కాలేయమే దాన్ని తయారు చేస్తుంది. ఒంటికి అది కొంత కావాలి. చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువైతే రక్తనాళాల గోడలకు పేరుకుంటుంది. దారి సన్నబడుతుంది. గుండెపోటు, పక్షవాతం రావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి లోపల ఏం జరుగుతుందో మనకు తెలియదు.

గుగ్గులు ఒక చెట్టు బంక. మన దేశంలో 1980లలో చేసిన పరీక్షల్లో దానితో కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్టు కనిపించింది. కానీ 2003లో అమెరికాలో 103 మందితో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. గుగ్గులు తిన్నవారికి చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గలేదు, కాస్త పెరిగింది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వచ్చాయి.

మెంతుల సంగతి వేరు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు షుగరు జబ్బు ఉన్నవారికి మెంతిపిండి పెట్టి చూశారు. ఆ ఫలితం 1990లో అచ్చయింది. చక్కెరా తగ్గింది, కొలెస్ట్రాలూ తగ్గింది. మెంతుల్లో జిగురుగా ఉండే పీచు ఉంటుంది. అది పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకొని బయటికి పంపుతుంది. మళ్లీ పైత్యరసం చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది.

"అయితే మెంతులు తింటే సాలు గదా!" అన్నాడు దర్జీ.

"వాళ్లు పెట్టింది రోజుకు 100 గ్రాములు అన్నా. పోపులో వేసే చిటికెడు కాదు."

అంత మెంతిపిండి ఎవరు తినగలరు? చెంచాడు నానబెట్టి తింటే మంచిదే. కానీ అది గోలీకి బదులు కాదు. షుగరు గోలీలు వాడేవారు మెంతులు ఎక్కువగా తింటే చక్కెర మరీ పడిపోవచ్చు. ఏ పొడి వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి.

నడక వల్ల మంచి కొలెస్ట్రాల్ కొంచెం పెరుగుతుంది. రక్తంలోని మరో రకం కొవ్వు తగ్గుతుంది. బీపీ, చక్కెర అదుపులోకి వస్తాయి. ఆయాసం తగ్గుతుంది. వారానికి 150 నిమిషాలు నడవాలి. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. ఎంత వేగంగా? పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి గుంజినా అక్కడే ఆగాలి. 108కి ఫోన్ చేయాలి.

దర్జీ మళ్లీ గోలీలు మొదలుపెట్టాడు. పొద్దున భార్యతో సరూర్‌నగర్ చెరువు వైపు నడక సాగించాడు. మూడు నెలలకు పరీక్ష చేస్తే 194 వచ్చింది.

"ఇది గోలీ పనా, నడక పనా, మెంతుల పనా?" అని అడిగాడు.

"గోలీదే పెద్ద వాటా. ఆయాసం తగ్గింది మాత్రం నడకతోనే" అంది నర్సు.

"తగ్గింది గదా, ఇగ గోలీ మానెయ్యనా?"

నర్సు ఏదో అనబోయింది. అంతలో దర్జీ భార్య గోలీల చీటీ అందుకొని కొంగున ముడేసుకుంది.

మీ ఇంట్లో ఎవరైనా డాక్టరు ఇచ్చిన మందు మానేశారా? ఎందుకు మానేశారో అడిగి, నాలుగు వాక్యాలు రాయండి.