కారుచిచ్చుకు కంచె

పొయ్యిలో నిప్పు ఆర్పాలంటే నీళ్లు చల్లుతాం. మరి వేల ఎకరాల అడవి అంటుకుంటే? అన్ని నీళ్లు కొండమీదికి ఎవరు మోస్తారు? విమానాలతో కుమ్మరిస్తారు గదా అంటారేమో. దానివల్ల మంట జోరు కొంత తగ్గుతుంది. పని పూర్తిచేసేది మాత్రం నేలమీది మనుషులే.

మంటకు ఇంధనం, ఆమ్లజని, వేడి మూడూ కావాలని చదువుకున్నారు. అడవిలో గాలిని ఆపలేం. కాబట్టి ఇంధనాన్ని తప్పించాలి. మంటకు కొంత ముందుగా ఆకులూ, గడ్డీ, పొదలూ తీసివేసి, మట్టి తేలేదాకా బాట చేస్తారు. మన నల్లమలలో అటవీశాఖవారు వేసవికి ముందే ఇలాంటి బాటలు తీస్తారు. వీటిని ఫైర్ లైన్లు అంటారు. పెద్ద మంటకు బాట ఒక్కటే చాలదు, నిప్పురవ్వలు ఎగిరి అవతల పడతాయి. అందుచేత బాట అంచునుంచి మంటవైపు తామే నిప్పు పెడతారు. ఇది ఎదురుమంట. రెండూ కలుసుకునేసరికి నడుమ కాలడానికి ఏమీ మిగలదు. గాలి తిరిగిందో, ఈ ఎదురుమంటే మరో కారుచిచ్చు!

1949 ఆగస్టు 5. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, మాన్ గల్చ్ అనే లోయ. పారాచూట్లతో దిగిన 15 మంది, అక్కడి అటవీ కాపలాదారు ఒకరు మిస్సోరీ నదివైపు నడుస్తున్నారు. ఎదుటి గట్టున ఉన్న మంట లోయ దాటి, వీరికి దిగువన ఎండుగడ్డికి అంటుకుంది. అందరూ వెనుదిరిగి కొండ ఎక్కసాగారు. వాలుమీద మంట పైనున్న గడ్డిని ముందే వేడిచేస్తుంది. అందువల్ల వాలు ఎంత నిటారైతే మంటకు అంత వేగం. మనిషికి అంత ఆయాసం.

నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి ముందున్న గడ్డిని అంటించాడు. అది కాలుతూ పైకి పోయింది. ఆ బూడిదలోకి రమ్మని కేకలు వేశాడు. ఎవరూ రాలేదు. వెనుక మంట తరుముతూంటే ముందు మంట పెట్టేవాడి మాట ఎవరికి బోధపడుతుంది? డాడ్జ్ తడిరుమాలు మూతికి అడ్డుపెట్టుకొని బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట అతని పక్కలనుంచి సాగిపోయింది. మరో ఇద్దరు రాతిచీలిక గుండా గట్టు దాటి బతికారు. 13 మంది చనిపోయారు. మంటల నడకను పరిశోధించే ప్రయోగశాల ఒకటి 1960లో అదే రాష్ట్రంలోని మిసూలాలో వెలిసింది.

మంట 60 శాతం అదుపులోకి వచ్చిందని వార్తల్లో వింటాం. 60 శాతం ఆరిందని కాదు దాని అర్థం. మంట చుట్టుకొలతలో అంతమేర కంచె పడిందని. లోపల మొద్దులూ, వేళ్లూ రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. చేయి దగ్గరగా చాచి చూసి, వేడి తగిలిన చోటల్లా తవ్వి, నీళ్లూ మట్టీ కలిపి తొక్కుతారు.