కృత్రిమ మేధతో గట్టిన యాపును ముగించుట

యాపు అనగా ఒక నిర్ణీతమైన పనిని చేయుటకై ఫోనునందు గాని కంప్యూటరునందు గాని యుంచబడు ప్రోగ్రాము. దీనిని వ్రాయుటకు పూర్వము ప్రోగ్రాము భాషలను చాలకాలము అభ్యసింపవలసియుండెను. 2022వ సంవత్సరము నవంబరు మాసమున చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఈ స్థితి త్వరగా మారినది. ఇప్పుడు మనకు కావలసినదానిని మాటలలో చెప్పినచో కృత్రిమ మేధ కోడును వ్రాసి యిచ్చుచున్నది. ఆ కోడును పరిశీలింపకయే యంత్రమును నమ్మి సాగిపోవు పద్ధతికి ఆండ్రే కార్పతీ యను శాస్త్రజ్ఞుడు 2025 ఫిబ్రవరిలో ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టెను. కాలిన్స్ నిఘంటువువారు దానినే ఆ యేటి మాటగా నెన్నుకొనిరి.

ఈ పద్ధతిని పని యారంభించుట మిక్కిలి సులభము, ముగించుటయే కష్టము. ముగించుటకు బయటి డెవలపరు సహాయమును ఎప్పుడు, ఎట్లు పొందవలెనో మేము నష్టపడి నేర్చుకొంటిమి. విద్యార్థులకును తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఆ పాఠము నిచ్చట వ్రాయుచున్నాము.

మా యనుభవము

మా గ్రంథాలయమున ఎరువిచ్చు పుస్తకముల లెక్కకు ఒక యాపు కావలెనని తలచి, తొమ్మిదవ తరగతి విద్యార్థులతో గూడి రెండు మధ్యాహ్నములలో దానిని గట్టితిమి. పుస్తకము పేరు నొక్కిన వెంటనే దానిని తీసికొనినవారి పేరు కనబడుచుండెను. అందఱమును సంతసించితిమి.

మూడవ వారమున, ఒకే ప్రతి గల పుస్తకమును ఇద్దఱు విద్యార్థులు ఒక్క క్షణముననే కోరగా, యాపు ఇద్దఱికిని ఇచ్చినట్లు వ్రాసికొనెను. అంతకంటె పెద్ద తప్పు తరువాత బయటపడినది. ఒక బాలిక తన పేజీ చిరునామాలోని 41 అను సంఖ్యను 42గా మార్చి చూడగా, మఱియొక విద్యార్థి యింటి ఫోను నంబరు కనబడెను. ఆమె దానిని దాచక వెంటనే మాతో చెప్పినది. ఆ తప్పును దిద్దుమని యంత్రము నడిగితిమి. అది దిద్దెను గాని, అంతవఱకు సరిగా నున్న లాగిన్ చెడిపోయెను. లాగిన్‌ను దిద్దుమనగా మొదటి తప్పు మరల వచ్చెను.

అప్పుడు తొందరపడి ఒక డెవలపరును కుదుర్చుకొంటిమి. ఆయన మొత్తము సొమ్మును ముందుగనే పుచ్చుకొని, పాస్‌వర్డులన్నియు తీసికొని, యాపును తన ఖాతాలోనికి మార్చుకొనెను. నెల దినముల పిమ్మట జవాబిచ్చుట మానెను. మా యాపులోనికి మేమే ప్రవేశింపలేకపోతిమి. అంతకంటె ఘోరమేమనగా, పిల్లల యిండ్ల ఫోను నంబరులు ఆయన ఖాతాలో నిలిచిపోయినవి. ఆ సంగతిని తల్లిదండ్రులకందఱికిని ఉత్తరముల మూలమున తెలిపితిమి. అవి వ్రాయునపుడు మేము పడిన సిగ్గు ఇంతంత కాదు. ఆయన తప్పు ఎంతయైనను, అడిగినదే తడవుగా తాళములన్నియు చేతికిచ్చుట మా తప్పు.

కోడు ప్రతి యొకటి ఒక విద్యార్థి కంప్యూటరులో మిగిలియుండెను. దానిని మా పాఠశాల పూర్వవిద్యార్థిని యొకామెకు చూపితిమి. ఆమె కోడును తెఱవకముందే రెండు ప్రశ్నలు వేసెను: “ఈ యాపు ఏమి చేయవలెను? ఏమి చేయరాదు?” రెండవ ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. ఆ సాయంకాలము విద్యార్థులు కూర్చుండి పదునొకండు వాక్యములు వ్రాసి యిచ్చిరి. పిదప ఆమె రెండు దినములు కోడును చదువుటకే వినియోగించెను. డేటాబేసు పాస్‌వర్డు ఎవరికైనను కనబడునట్లు బ్రౌజరుకు పోవు కోడులోనే యున్నదని అప్పుడు తెలిసినది.

ఆమె తెరల నట్లేయుంచి, అనుమతులను చూచు భాగమును మాత్రము సర్వరులో క్రొత్తగా వ్రాసెను. ఒక ప్రతికి ఒకేసారి రెండు ఎరువులు వ్రాయ వీలులేని నియమమును డేటాబేసునందే పెట్టెను. ఫోను నంబరుల విషయమున, “పుస్తక మిచ్చుటకు ఇంటి నంబరేల?” అని యడిగెను. మాకు జవాబు తోచలేదు, వానిని తీసివేసితిమి. మనవద్ద లేని వివరమును ఎవరును దొంగిలింపలేరు. 2023వ సంవత్సరపు వ్యక్తిగత డేటా రక్షణ చట్టము కూడ పదునెనిమిది సంవత్సరములు నిండనివారి వివరములకు ప్రత్యేక రక్షణను విధించుచున్నది.

ఇట్లగుటకు కారణములు

యంత్రము మన మడిగినదానిని వ్రాయును; అడుగనిదానిని తానై చేయునను నమ్మకము లేదు. ఒకరి వివరములు మఱియొకరు చూడరాదని గ్రంథాలయాధికారికి చెప్పనక్కఱలేదు, యంత్రమునకు చెప్పవలెను. మఱియు కోడు పెరిగినకొలది దాని నంతయు ఒక్కమాఱుగా దృష్టియందుంచుకొనుట యంత్రమునకు కష్టము. అందుచే ఒకచోట దిద్దినది వేఱొకచోట చెడును. మేమును ఒక్కొక్కరుగా పరీక్షించితిమే గాని, ఇద్దఱు ఒక్కసారి వచ్చిన నేమగునో చూడలేదు.

తుదిభాగము కష్టమనుట క్రొత్త సంగతి కాదు. కోడు వ్రాతలో మొదటి తొమ్మిది పాళ్లకు తొమ్మిది పాళ్ల కాలము పట్టును, మిగిలిన యొక పాలునకు మఱి తొమ్మిది పాళ్ల కాలము పట్టునని బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన టామ్ కార్గిల్ పరిహాసముగా ననిన మాట 1985 నాటికే అచ్చులో నున్నది.

సహాయమును కోరు విధము

రంగులు, అక్షరములు, తెరల యమరిక మున్నగువానిని యంత్రముతోనే మార్చుకొనవచ్చును. సొమ్ము, పాస్‌వర్డులు, పిల్లల వివరములు గల యాపునైనచో, ఇతరులకు తెఱచి యిచ్చుటకు ముందే తెలిసినవారికి చూపవలెను. ఒకే తప్పు మాటిమాటికి తిరిగివచ్చుచున్నప్పుడును అట్లే చేయవలెను. సహాయకులను కుదుర్చుకొనునపుడు ఈ క్రింది నియమములను పాటింపవలెను.

మొదటిది: యాపు చేయవలసినదానిని, చేయరానిదానిని కాగితముపై వ్రాయవలెను.

రెండవది: మొదట చిన్న పని నొప్పగింపవలెను. కోడును చదివి దోషముల పట్టిక వ్రాసి యిచ్చుటయే మంచి మొదటి పని. దానికిని తగిన ప్రతిఫల మీయవలెను. అంతయు కూల్చి మరల వ్రాయవలెనని వారు చెప్పినచో కారణము నడుగవలెను.

మూడవది: ఖాతాలన్నియు మన పేరనే యుండవలెను. సహాయకులకు వేఱుగా ప్రవేశ మిచ్చి, పని ముగియగనే దానిని తీసివేసి పాస్‌వర్డులను మార్చవలెను. పరీక్షకు కల్పిత నామములనే వాడవలెను.

నాల్గవది: కోడును గిట్‌లో భద్రపఱుపవలెను. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రచించిన యీ సాధనము ప్రతి మార్పును గుర్తుంచుకొనును. పని చెడినచో వెనుకటి స్థితికి పోవచ్చును.

ఐదవది: సొమ్మును పని సాగినకొలది విడతలుగా నీయవలెను.

ఆఱవది: హక్కును వ్రాతమూలముగా పొందవలెను. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రోగ్రామును సాహిత్యరచనగా నెంచుచున్నది. మనవద్ద ఉద్యోగి కాని వారు వ్రాసిన కోడుపై హక్కు, ఒప్పందము లేనిచో, సాధారణముగా వ్రాసినవారిదే.

ఏడవది: చేసిన మార్పును మనకు తెలియునట్లు చెప్పుమని కోరవలెను. మా విద్యార్థులు ఆమె ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేసిరి. తరువాత వచ్చిన రెండు చిన్న తప్పులను తామే దిద్దుకొనిరి.

విద్యార్థులారా, యంత్రముచే కోడు వ్రాయించుట తప్పు కాదు. తెలియనిచోట సహాయమును కోరుట సిగ్గు కాదు. తెలియనిదానిని తెలిసినట్లు ఇతరుల కప్పగించుటయే తప్పు. ఆ బాలిక సంఖ్యను మార్చి చూచి ఊరకున్నచో, మా యాపు నేటికిని బాగుగనే యున్నదని మేము తలచుచుందుము. మీరు కట్టినదానిని మీరే అట్లు పరీక్షింపుడు. కనుగొన్న దోషమును చెప్పుటకు వెనుదీయకుడు.