పచ్చరెక్కల పర్వానా

వర్షం వెలిసిన రాత్రి వరండా దీపం చుట్టూ తిరిగే పురుగులలో ఒక్కొక్కసారి చిలుకపచ్చ రెక్కలు గలది ఒకటి కనిపిస్తుంది. రెక్క మొదట గోధుమరంగు మచ్చ, అంచున అదే రంగు పట్టీ. దీని శాస్త్రీయ నామం పరాసా లెపిడా. దీపంపై ప్రాణమిచ్చే పర్వానాను ఉర్దూ కవులు ప్రేమికునికి ప్రతీకగా స్వీకరించారు. ఈ పర్వానా కూడా ఆకు ముట్టదు. చెట్టును తినేది దాని సంతానం. ఆ రెండూ ఒకే ప్రాణి అని మేమూ చాలకాలం ఎరుగకనే ఉన్నాము.

ఆ సంతానాన్ని మనం గొంగళిపురుగు అంటాము. గొల్లవారు భుజాన వేసుకొనే ముతక కంబళియే గొంగళి. కాని ఈ పురుగుకు ఆ పేరు అంతగా నప్పదు. దీని ఒంటిపై ఉన్నది ఉన్ని కాదు, ముళ్లు. పచ్చని దేహం, నీలి చారలు, వరుసలుగా ముళ్ల గుత్తులు. కాళ్లు కానరావు, నత్తవలె జారుతూ పోతుంది. తాకితే ముళ్లు చర్మంలో విరిగి నిప్పు తగిలినట్లు మండుతుంది. అప్పుడు రుద్దరాదు. అంటుకునే పట్టీ వేసి లాగి, సబ్బునీటితో కడగవలెను.

కర్నూలు మెట్టచేల ఆముదం, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి, కడప తోటల దానిమ్మ, పెరటి బాదం ఇవన్నీ దీనికి ఆహారమే. 20వ శతాబ్దంలో ఇది జపాను చేరి అక్కడి వీధిచెట్లకూ బెడదయైనది. తల్లి ఆకు అడుగున చేపపొలుసుల వలె గుడ్లు పేర్చుతుంది. పిల్లపురుగులు కొంతకాలం గుంపుగా ఉండి ఆకు పసరు గీకి తింటాయి. ఆకు పలుచని కాగితమవుతుంది. ఆ ఒక్క ఆకును త్రుంచి కిరోసిన్ నీటిలో వేస్తే గుంపంతా పోతుంది. ఆలస్యమైతే అవి చెట్టంతా చెదిరి, ఈనెలు మాత్రమే మిగులుస్తాయి. ఆకే చెట్టుకు వంటశాల. నీరు కరువైన మన నేలలో అది మరల చిగురించుట సులభం కాదు.

మందు చల్లితే చాలునని కొందరంటారు. ఈ పురుగుల దేహంలో గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కందిరీగలు కలవు. విచక్షణ లేక చల్లిన మందుకు అవి కూడా చస్తాయి.

ఒక ఏడు మా కళాశాల ఆవరణలోని బాదంచెట్టు ఇట్లే బోడిదయినది. కొట్టివేయుదమన్న మాట వచ్చింది. కమిటీవారు ఒక వాన వరకు ఆగినారు, చెట్టు చిగురించింది. ఇప్పుడు దాని మొదలుపై గుండ్రని గట్టి గూళ్లు మరల కనిపిస్తున్నాయి. విద్యార్థులు వాటిని కర్రతో గీకి తీయవచ్చును, వట్టిచేతులతో మాత్రం వద్దు. గూటిపై కూడా ముళ్లుంటాయి.