హెవెల్: ‘వ్యర్థం’ అనే మాట వెనకున్న ఆవిరి

ఈసారి వీడియోలో ‘మిథ్య’ అంటే ‘అబద్ధం’ కాదని చెప్పుకున్నాం. దానికి కొనసాగింపుగా చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. బైబిల్లో కూడా ‘అంతా వ్యర్థం’ అని ఉంది కదా, అదీ మాయావాదమేనా? అవునని ఒక్క మాటలో తేల్చేస్తే బాగానే ఉంటుంది, చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ మాట అసలు ఏ భాషలో, ఏ అర్థంలో ఉందో చూడకుండా తేల్చేయడం న్యాయం కాదు. ‘ధర్మం’ అన్న మాటని ‘రెలిజియన్’ అని, ‘మూర్తి’ని ‘ఐడల్’ అని ఒక్క ముక్కలో కుదించేస్తే మనకెంత ఇబ్బందిగా ఉంటుందో తెలుసు కదా. అవతలివాళ్ళ మాటకీ అదే మర్యాద ఇద్దాం.

ఆ మాట ఉన్నది పాత నిబంధనలోని ప్రసంగి గ్రంథంలో. హీబ్రూలో ఆ గ్రంథం పేరు కొహెలెత్. మొదటి అధ్యాయం రెండో వచనంలోనే ఒక మాట ఐదుసార్లు వస్తుంది: హెవెల్. పుస్తకం మొత్తంలో 38 సార్లు. 12 చిన్న అధ్యాయాల్లో ఒకే మాట అన్నిసార్లు వచ్చిందంటే రచయిత కావాలనే వాడాడని అర్థం.

హెవెల్ అంటే మొదటి అర్థం ‘వ్యర్థం’ కాదు. ఊపిరి, ఆవిరి. చలికాలం పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగలా వస్తుంది చూడండి, అది. లేదా టీ గ్లాసు మీద లేచే ఆవిరి. అది లేదని ఎవరూ అనలేరు, కంటికి కనిపిస్తోంది. చేత్తో పట్టుకోబోతే మాత్రం ఏమీ ఉండదు.

మరి ఆవిరి ‘వ్యర్థం’ ఎలా అయింది? యూదుల గ్రంథాల్ని గ్రీకులోకి మార్చినవాళ్ళు ఇక్కడ ‘నిష్ఫలం’ అనే అర్థం ఉన్న మాట వాడారు. 4వ శతాబ్దం చివర జెరోమ్ లాటిన్లో ‘వానితాస్’ అన్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో అది ‘వానిటీ’ అయింది. తెలుగు బైబిల్లో వ్యర్థం. తమాషా ఏమిటంటే, అకీలా అనే మరో పాత గ్రీకు అనువాదకుడు ‘ఆవిరి’ అనే వాడాడు. ఆ సంగతి జెరోమ్‌కీ తెలుసు, తన వ్యాఖ్యానంలో ప్రస్తావించాడు కూడా. అయినా నిలిచిపోయింది మాత్రం ‘వానితాస్’ దారే.

ఆ రెండో వచనంలో ఉన్నది ‘హెవెల్ హవాలీమ్’ అనే జంట. అంటే ‘ఆవిరులలో ఆవిరి’. ఈ నిర్మాణం మనకి కొత్తేం కాదు. దేవదేవుడు, రాజరాజు అంటాం కదా, అలాంటిదే. తెలుగులో ‘పరమగీతము’ అనే గ్రంథం పేరు కూడా హీబ్రూలో ‘గీతాలలో గీతం’. తెలుగులో ‘వ్యర్థం’ రెండుసార్లు చదివితే ఎవరో విసుగ్గా తల కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. హీబ్రూలో అది ‘అత్యంత పలచని ఆవిరి’.

ఇంకో ఆధారం. హెవెల్ పక్కన చాలాచోట్ల గాలి వెంట పడటం అనే పోలిక వస్తుంది. గాలికి అక్కడున్న మాట రూఅహ్. ఆవిరి, గాలి రెండూ ఒకే బొమ్మలో ఇమిడిపోతాయి. ‘వ్యర్థం’ పెట్టగానే ఆ బొమ్మ చెదిరిపోయి, గాలి ఒంటరిగా మిగిలిపోతుంది.

నన్ను బాగా ఆపేసింది మాత్రం ఇది. ఆదికాండం 4వ అధ్యాయంలో కయీను, హేబెలు అన్నదమ్ముల కథ అందరికీ తెలిసిందే. హేబెలు అనే పేరు హీబ్రూలో ఏమిటో తెలుసా? హెవెల్. అవే అక్షరాలు. ఒకచోట అనువాదం చేశారు, ఇంకోచోట పేరు కాబట్టి అలాగే వదిలేశారు. దాంతో తెలుగులో వెతికితే రెండూ ఒకటేనని ఎప్పటికీ దొరకదు. (ఒకే వేరియబుల్‌కి రెండు ఫైళ్ళలో రెండు పేర్లు పెడితే సెర్చ్‌లో దొరకనట్టు.) తల్లి అయిన హవ్వ కయీను పేరుకి కారణం చెబుతుంది, హేబెలు పేరుకి చెప్పదు. ఆ కథలో అతను ఒక్క మాట కూడా మాట్లాడడు. గొర్రెలు కాస్తాడు, కానుక తెస్తాడు, దాన్ని దేవుడు అంగీకరిస్తాడు, ఆ తర్వాత అన్న చేతిలో చనిపోతాడు. అంతే.

ఇప్పుడు చెప్పండి, హేబెలు జీవితం వ్యర్థమా? చిన్న వయసులో పోయిన తమ్ముడి గురించి, ఆ ఇంట్లో కూర్చుని ‘వ్యర్థం’ అనగలమా? ‘ఆవిరిలా వెళ్ళిపోయాడు’ అంటే ఎవరైనా తలూపుతారు. ఆ రెండు మాటలకీ మధ్య అంత దూరం ఉంది.

అలాగని ‘వ్యర్థం’ తప్పుడు అనువాదం అనడం కూడా తొందరపాటే. యిర్మీయా గ్రంథంలో విగ్రహాల్ని కూడా హెవెల్ అనే అన్నారు. అక్కడ అది కచ్చితంగా ‘పనికిరానిది’ అనే తిట్టే. మనకి నచ్చినా నచ్చకపోయినా అది ఆ మాట అర్థాల్లో ఒకటి. ఇక ప్రసంగి 8:14లో మంచివాళ్ళకి చెడ్డవాళ్ళ గతి పట్టడం, చెడ్డవాళ్ళకి మంచివాళ్ళ ఫలితం దక్కడం హెవెల్ అంటాడు. అక్కడ ‘ఆవిరి’ ఒక్కటే సరిపోదు. ‘అర్థం పర్థం లేనిది’ అనాలి. ఆ గ్రంథం అంతటా ఆ భావమే ముఖ్యమని మైకేల్ ఫాక్స్ అనే పండితుడు 1986లో వాదించాడు. నాకు మాత్రం అదే భావాన్ని అన్నిచోట్లా పెట్టడం కుదరదనిపిస్తుంది. ఎందుకంటే 9:9 చూడండి. నీ హెవెల్ దినాలన్నిటిలో నువ్వు ప్రేమించే భార్యతో సంతోషంగా బతుకు అన్న సలహా అది. అర్థం లేని రోజులైతే సంతోషం ఎందుకు? ఆవిరిలాంటి రోజులైతే మాత్రం ఆ సలహా సరిగ్గా అతుకుతుంది. 11:10లో యౌవనం కూడా హెవెల్ అన్నప్పుడు మన తెలుగు అనువాదకులు ‘వ్యర్థం’ వదిలేసి, గతించిపోయేది అన్న అర్థమే పెట్టారు. హాట్సాఫ్.

ఇక మొదటి ప్రశ్న. ఇది మాయావాదమా? కాదనే నా అభిప్రాయం. అద్వైతంలో జగత్తు మిథ్య అన్నప్పుడు, దాని వెనక బ్రహ్మమొక్కటే సత్యం అనే మాట ఉంటుంది. మేలుకుంటే విడుదల ఉంటుంది. ప్రసంగి అలా ఎక్కడా అనడు. అతనికి ఆవిరి వెనక ఇంకో తెర లేదు. తిను, తాగు, పనిలో సంతోషించు, దేవునికి భయపడు, అంతే. మన దగ్గర దీనికి దగ్గరి మాట వెతకాలంటే, గీత 9వ అధ్యాయం 33వ శ్లోకంలో లోకానికి వాడిన ‘అనిత్యం’ అనే విశేషణం. దగ్గరిదే, కానీ అదీ ఒకటి కాదు. కృష్ణుడు అనిత్యం అన్న వెంటనే నన్ను భజించు అంటాడు. ప్రసంగి హెవెల్ అని, భార్యతో కలిసి భోజనానికి కూర్చోమంటాడు.

ఈ వారం ఓపికుంటే ఒక పని చేయండి. ప్రసంగి మొత్తం గంటలోపే అయిపోతుంది. ‘వ్యర్థం’ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో ‘ఆవిరి’ అని రాసి మళ్ళీ చదవండి. ఎక్కడ అతికింది, ఎక్కడ అతకలేదు అన్నది గుర్తు పెట్టుకోండి. వచ్చే వీడియోలో ఆ అతకని చోట్ల నుంచే మొదలుపెడదాం.