చేజర్ల గుడి వెనక గోడ

పల్నాడు జిల్లా నకరికల్లు మండలంలో చేజర్ల అనే ఊరుంది. అక్కడి కపోతేశ్వరస్వామి గుడిని ముందు నుంచి చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. వెనక్కి వెళ్ళాలి. మామూలు శివాలయంలో గర్భగుడి నలుచదరంగా ఉంటుంది కదా, ఇక్కడ వెనక గోడ గుండ్రంగా తిరిగి ఉంటుంది. పైకప్పేమో పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు ఉంటుంది. ఏనుగు వీపులా ఉందని ఈ ఆకారాన్ని గజపృష్ఠం అంటారు.

ఈ ఆకారం ఎందుకొచ్చింది? బౌద్ధుల చైత్యగృహంలో లోపలి చివర స్తూపం ఉంటుంది. భక్తులు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. మనుషులు గుండ్రంగా తిరిగే చోట మూలలతో పనిలేదు, అందుకే గోడ కూడా వాళ్ళతో పాటు తిరిగింది. కప్పు సంగతి ఇంకా బాగుంటుంది. మొదట్లో ఈ హాళ్ళని కర్రతో కట్టేవాళ్ళు, వాసాలు వంచి పైన కప్పు వేసేవాళ్ళు. తర్వాత ఇటుక, రాయి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండని తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. లోపల తలెత్తి చూస్తే రాతిలోనే వాసాలు చెక్కి ఉంటాయి. అవి మోసే బరువేమీ లేదు, అయినా చెక్కారు! (మనం పాత కోడ్‌లో పనిలేని లైన్లు అలాగే ఉంచేస్తాం, అలా అన్నమాట.) చేజర్ల గుడి ముఖభాగం మీద గుర్రపు నాడా ఆకారంలో కనిపించే కమాను కూడా ఆ కర్ర కట్టడాల నుంచి వచ్చిందే.

ఇలాంటి ఇటుక చైత్యాలు కృష్ణా లోయలో చాలానే ఉండేవి. నాగార్జునకొండలో 1954-60 మధ్య తవ్వితే బయటపడినవి ఎక్కువగా పునాదులే. అమరావతి స్తూపం గతి మరీ ఘోరం. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే కొత్త ఊరి కట్టడాల కోసం ఆ దిబ్బని తవ్వుతున్నారు. 1816లో ఆయన తిరిగొచ్చేసరికి నడిమధ్య చెరువు తవ్వేశారు. చేజర్ల మాత్రం కప్పుతో సహా నిలబడింది. కారణం సింపుల్, అది వాడకంలో ఉన్న గుడి. ఇటుక సందులో రావి మొక్క మొలిస్తే పీకేసేవాళ్ళు ఒకరుండాలి.

ఇది మొదట చైత్యం, తర్వాత శివాలయం అయిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ ఒక్క ముక్క దొరికితే చాలు, ఆక్రమించారని ఒకళ్ళు, అసలు బౌద్ధమే కాదని ఇంకొకళ్ళు ఆన్‌లైన్‌లో కొట్టుకుంటారు. రెండోవాళ్ళ మాటని పూర్తిగా కొట్టిపారేయలేం. గజపృష్ఠం ఒక్కటే సాక్ష్యం కాదు, గుడిమల్లం శివాలయం గర్భగుడిదీ అదే ఆకారం. కానీ ఆక్రమణ అనే మాట నాకు ఇక్కడ అతకదనిపిస్తుంది, దానికి కారణం దేవుడి పేరు.

కపోతం అంటే పావురం. స్థలపురాణం శిబి చక్రవర్తిది. డేగ నుంచి పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసిచ్చిన రాజు కథ. మనకి ఇది భారతంలో కథ. బౌద్ధులకి శిబి అంటే పూర్వజన్మలో బుద్ధుడే, అజంతా మొదటి గుహలో ఈ పావురం కథే గోడ మీద బొమ్మగా ఉంది. అంటే చైత్యం శివాలయం అయిన రోజున కూడా ఊరివాళ్ళు పిల్లలకి చెప్పే కథ మార్చుకోవాల్సిన అవసరం పడి ఉండకపోవచ్చు. స్తూపం ఉండాల్సిన చోట ఇప్పుడు లింగం ఉంది. గోడ మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది.